గురువు దగ్గర ఉండిపోయిన మంత్రాలు: మాంత్రికుల శిష్యరికానికి రూల్స్ రాసుకుంటున్న డైరీ

మే చివరి వారం

కొత్త క్యాంపెయిన్, అంటే వారం వారం సాగే ఒకే పొడుగాటి కథ, మొదలుపెట్టాలి. ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ): టేబుల్ చుట్టూ కూర్చుని, తలో పాత్ర నడుపుతూ, పాచికలు వేస్తూ కథ ఆడటం. ఐదో ఎడిషన్, 2014 నాటి రూల్స్. కొత్త పుస్తకాలు కొందామంటే మా గుంపులో ఇంకా ఎవరూ ఊ అనలేదు. ఆట హైదరాబాదులో మా ఇంట్లోనే, ఆదివారం సాయంత్రాలు. ఈసారి మొదటి సెషన్ కంటే ముందే ఒక సంగతి తేల్చుకోవాలని ఉంది: మాంత్రికుడి పాత్ర తయారుచేసేటప్పుడు అతని చదువు సంగతి ఏం చెయ్యాలి?

మా టేబుల్ మీద ఇప్పటిదాకా పుట్టిన మాంత్రికులందరికీ గురువు పోయాడు. ఒకరి గురువుని డ్రాగన్ మింగింది. ఇంకొకరి గురువు ఉన్న బురుజు తగలబడింది. మరొకాయన ఊరికే మాయమయ్యాడు, ఎందుకో ఎవరూ అడగలేదు. ప్లేయర్ల బద్ధకం అనుకునేవాణ్ణి కానీ అసలు సంగతి భయం. గురువు బతికుంటే డీఎం (డంజన్ మాస్టర్, అంటే ఆట నడిపేవాడు; మా టేబుల్‌కి నేనే) అతన్ని అడ్డం పెట్టుకుని పనులు చెబుతాడు, బెదిరిస్తాడు, చివరికి కిడ్నాప్ చేయిస్తాడు. చచ్చిన గురువుతో ఆ టెన్షన్ లేదు.

రూల్స్ పుస్తకం కూడా ఇందులో ఏమీ సాయపడదు. మూడు క్యాంట్రిప్స్ (ఎన్నిసార్లయినా వేసుకోగల చిన్న మంత్రాలు) ఎంచుకో, స్పెల్‌బుక్‌లో ఆరు మొదటి లెవెల్ మంత్రాలు రాసుకో అని చెప్పి పక్కకి తప్పుకుంటుంది. ఫైటర్‌కి కత్తి ఎవరు నేర్పారో తెలియకపోయినా కత్తి పనిచేస్తుంది. మాంత్రికుడి బలం మొత్తం ఒక పుస్తకంలో ఉంది, అందులో ప్రతి పేజీ ఎవరో ఒకరిని చూసి రాసుకున్నదే. అలాంటప్పుడు ఆ ఆరు మంత్రాలు ఇంటర్నెట్‌లో దొరికే "బెస్ట్ స్పెల్స్" జాబితాలోంచి దిగిపోతుంటే నాకు చిరాకు. మేజ్ ఆర్మర్, షీల్డ్, మేజిక్ మిసైల్, స్లీప్, ఫైండ్ ఫెమిలియర్, డిటెక్ట్ మేజిక్. ఎవరి పుస్తకం తెరిచినా ఇవే ఆరు.

నాకు నేను పెట్టుకున్న షరతులు: పని అరగంటలో అయిపోవాలి. మాంత్రికుడి బలం పెరగకూడదు, తగ్గకూడదు. బయటికొచ్చేది వ్యాసం కాకూడదు, ఆటలో చేతికి అందే వస్తువు కావాలి.

జూన్ మొదటి వారం: పాతవాళ్లు ఏం చేశారు?

షెల్ఫులో ఉన్నవీ, స్నేహితుల దగ్గర తెచ్చుకున్నవీ ముందేసుకుని కూర్చున్నాను.

1979లో వచ్చిన అడ్వాన్స్‌డ్ డీ అండ్ డీ డంజన్ మాస్టర్స్ గైడ్‌లో గ్యారీ గైగాక్స్ ఈ విషయం పట్టించుకున్నాడు. కొత్త మాంత్రికుడు శిష్యరికం ఇప్పుడే ముగించుకుని వచ్చాడనీ, గురువు కనీసం ఆరో లెవెల్ వాడనీ ప్లేయర్‌కి చెప్పమంటాడు. మొదటి లెవెల్ వాడికి ఆరో లెవెల్ అంటే ఆకాశమంత ఎత్తు అని అందులో చిన్న వెటకారం. పుస్తకంలో రీడ్ మేజిక్ (మంత్రాల రాత చదివే మంత్రం) ఎటూ ఉంటుంది. మిగతా మూడూ ప్లేయర్ ఇష్టం కాదు: దాడికి ఒకటి, రక్షణకి ఒకటి, ఇతరత్రా ఒకటి, మూడు పట్టికల మీద పాచిక వేసి రాసుకోవాలి. గురువు ఇచ్చింది పుచ్చుకోవడమే. ఇది నాకు బాగా నచ్చింది, పక్కన గీత గీసుకున్నాను.

వయసు లెక్క మాత్రం నవ్వు తెప్పిస్తుంది. మనిషి ఫైటర్‌కి 15కి నాలుగు ముఖాల పాచిక ఒకటి కలిపితే చాలు, అంటే 16 నుంచి 19. మాంత్రికుడికి 24కి ఎనిమిది ముఖాలవి రెండు కలపాలి, 26 నుంచి 40 దాకా. సగటున 33 ఏళ్లొచ్చిన పెద్దమనిషి, రోజుకి ఒక్క మంత్రం, మహా అయితే నాలుగు హిట్ పాయింట్లు (దెబ్బలు తట్టుకునే ప్రాణబలం). టీనేజి ఫైటర్ వెనకాల నక్కి నడుస్తుంటాడు. ఇన్నేళ్లూ ఏం చేశావయ్యా అని అడిగితే జవాబు లేదు.

2000లో మూడో ఎడిషన్ దీన్ని కాస్త సర్దింది. మనిషి మాంత్రికుడికి 15కి రెండు మామూలు పాచికలు కలపమంది, సగటున ఏడేళ్ల శిష్యరికం. వందల ఏళ్లు బతికే జాతి ఎల్ఫ్‌కి 110కి పది పాచికలు, అంటే సగటున 35 ఏళ్లు. రెండు చోట్లా చివరికొచ్చేది అదే మొదటి లెవెల్. ఎల్ఫ్ సంగతి తర్వాత చూడాలి.

వార్‌హామర్ ఫాంటసీ అనే ఇంకో ఆటలో "విజార్డ్స్ అప్రెంటిస్" అనేదే ఒక కెరీర్. అంటే శిష్యరికం ఆటకి ముందు జరిగిపోదు, ఆటలోనే జరుగుతుంది. డంజన్ క్రాల్ క్లాసిక్స్‌లో సున్నా లెవెల్ పాత్రలకి వృత్తి పాచికతో వస్తుంది. మాంత్రికుడి శిష్యుడు పడితే చిన్న కత్తి, నల్ల పుస్తకం ఒకటి ఇస్తారు, తర్వాత నీ ఖర్మ. ఈ రెండూ సరదాగానే ఉన్నాయి కానీ మా గుంపు మొదటి లెవెల్ నుంచే ఆడతానంటుంది.

1977 నాటి ట్రావెలర్‌లో మంత్రాల్లేవు, అంతరిక్షం. అయినా తీశాను, ఎందుకంటే పాత్ర గతాన్ని నాలుగేళ్ల చొప్పున ఆడించే పద్ధతి అక్కడ గట్టిగా ఉంది. ప్రతి విడతలో బతికాడా లేదా అని పాచిక వేయాలి. పాత్ర తయారీలోనే చచ్చిపోవచ్చు! మా వాళ్లకి ఇది చెబితే అందరూ ఒకేసారి "మనమూ పెట్టుకుందాం" అన్నారు. వద్దన్నాను.

అన్నిటికంటే ఎక్కువసేపు ఆర్స్ మాజికా దగ్గర ఆగిపోయాను. 1987లో జొనాథన్ ట్వీట్, మార్క్ రైన్-హేగన్ చేసిన ఆట. మధ్యయుగపు యూరప్, అందులో మంత్రాలు నిజం, మాంత్రికులకి పన్నెండు కుటుంబాలున్న ఒక సంఘం. అక్కడ శిష్యరికం 15 ఏళ్లు, అది సంఘం కట్టుబాటు. 2004 నాటి ఐదో ఎడిషన్ లెక్కలు చూస్తే సరదా మొదలవుతుంది. బాల్యం దాటాక మామూలు జీవితానికి ఏడాదికి 15 అనుభవ పాయింట్లు. శిష్యరికం మొత్తానికి 240, పైన 120 లెవెళ్ల మంత్రాలు. శిష్యరికం ముగిసిన తర్వాత ఏడాదికి 30.

240ని పదిహేనేళ్లకి పంచితే ఏడాదికి 16. మంత్రాలు పక్కన పెడితే పొలం దున్నుకునేవాడి కంటే ఏడాదికి ఒక్క పాయింటు ఎక్కువ. గురువు గడప దాటిన మర్నాటి నుంచి 30. మిగతా పాయింట్లు ఎక్కడికి పోయాయి? జవాబు ఆ ఆటలోనే ఉంది: గురువు ఏడాదిలో ఒక్క రుతువు శిష్యుడికి పాఠం చెప్పాలి. ఆ ఆటలో ఏడాదికి రుతువులు నాలుగు. మిగతా కాలం శిష్యుడు గురువుగారి ప్రయోగశాలలో చాకిరీ చెయ్యాలి, ఆ చాకిరీ గురువు పరిశోధనకి కలిసొస్తుంది. ఒక వంతు చదువు, మూడు వంతులు పని. గురువుకీ శిష్యుడికీ మధ్య ఏముందో ఆ పాయింట్ల పట్టికే చెప్పేస్తోంది. మెకానిక్ షెడ్డులో చేరిన కుర్రాడు మొదటి ఏడాదంతా స్పానర్లు అందిస్తాడు; ఏ బండికి ఏ స్పానరో వాడికి అలాగే తెలుస్తుంది, ఆ షెడ్డుకి రాని బండి గురించి మాత్రం ఏమీ తెలియదు.

పట్టుకోవలసింది ఇక్కడే ఉందనిపించింది. గురువు ఎంత నేర్పాడన్నది రూల్స్ పుస్తకమే చెబుతోంది, ఆరు. ఆయన నడుపుకునే పనిని బట్టి ఏం నేర్పకుండా వదిలేశాడన్నది ఎవరూ లెక్కపెట్టడం లేదు.

జూన్ మూడో వారం: మొదటి ముసాయిదా

ట్రావెలర్ పద్ధతిలో ఏడాదికో విడత, ఏడేళ్లు. ప్రతి ఏడాదీ గురువు చెప్పిన పని, జరిగిన సంఘటన, దొరికిన ఫలితం, మూడు పాచికలు. పట్టికలు రాయడానికే రెండు రాత్రులు పట్టేశాయి.

ఒంగోలు నుంచి మా పిన్ని కూతురు ఆన్‌లైన్‌లో కూర్చుని పరీక్షించింది. మూడో ఏట గురువుగారి పిల్లి తప్పిపోయింది, నాలుగో ఏట ప్లేగు, ఐదో ఏట మళ్లీ పిల్లి. పాచికలకి దయ లేదు. ఏడో ఏడు వచ్చేసరికి రాత్రి పదకొండు.

"అన్నయ్యా, ఇది బాగుంది కానీ ఆట ఎప్పుడు మొదలవుతుంది?" అంది.

"ఇదే ఆట."

"అయితే నా పాత్ర అయిపోయింది. గుడ్ నైట్."

సంఘటనలు వచ్చి పోతున్నాయి తప్ప స్పెల్‌బుక్‌లో వాటి జాడ లేదు. ప్లేగుకీ పుస్తకంలో ఉన్న మంత్రానికీ ముడిపడటం లేదు. పట్టికలన్నీ తీసేసి "గురువు చెప్పిన పని" అన్న ఒక్క నిలువు వరుస మిగుల్చుకున్నాను.

జూలై మొదటి వారం: ఆరు మంత్రాలు, మూడు దారులు

ఏళ్లు లెక్కపెట్టడం మానేశాను. మంత్రాలు ఆరు, కాబట్టి విడతలూ ఆరు. ఒక్కో విడతకి ఒక్కో మంత్రం. అవి వచ్చే దారి మాత్రం ఒకటి కాదు: నాలుగు గురువు ఇచ్చినవి, ఒకటి శిష్యుడు దొంగచాటుగా రాసుకున్నది, ఒకటి తోటి శిష్యుడి దగ్గర తీసుకున్నది.

ముందు గురువు పని తేలాలి. గొప్పవాడు, ముసలివాడు, కోపిష్ఠి లాంటి మాటలు నాకు పనికిరావు. పొద్దున్నే లేచి ఆయన ఏం చేసి డబ్బు సంపాదిస్తాడు? ఇప్పటికి నాలుగు రకాలు రాశాను. రాజుగారి కొలువులో ఉత్తరాలూ రహస్యాలూ చూసే ఆయన. రేవులో సరుకులకీ ఓడలకీ కూలికి మంత్రం వేసే ఆవిడ. సైన్యం వెంట తిరిగే ఆయన. ఊరికి దూరంగా ఒంటరిగా పరిశోధన చేసుకునే ఆయన. ఒక్కొక్కరికీ ఎనిమిది మొదటి లెవెల్ మంత్రాలు, రెండేసి చొప్పున నాలుగు జతలు.

రేవు మంత్రగత్తెది పూర్తిగా రాస్తున్నాను, మిగతావి ఇదే పద్ధతి. మొదటి జత ఐడెంటిఫై, డిటెక్ట్ మేజిక్: వచ్చిన సరుకు అసలుదో నకిలీదో చూడాలి కదా. రెండో జత ఫ్లోటింగ్ డిస్క్, అన్‌సీన్ సర్వెంట్: మోత పని. మూడో జత ఫెదర్ ఫాల్, ఫాగ్ క్లౌడ్: మొదటిది తెరచాప కొయ్య మీంచి జారే కూలీల్ని మెల్లగా కిందికి దించడానికి, రెండోది సుంకం అధికారుల కళ్లు కప్పడానికి, ఆవిడ ఒప్పుకోదు గానీ. నాలుగో జత కాంప్రిహెండ్ లాంగ్వేజెస్, గ్రీజ్.

ప్రతి జతలోంచీ ప్లేయర్ ఒకటి తీసుకుంటాడు. రెండోదాన్ని తన పాత్ర వివరాల షీట్ మీద వేరే గడిలో రాస్తాడు: "గురువు దగ్గర ఉండిపోయినవి". అసలు రూలు ఈ గడిదే. లెవెల్ పెరిగినప్పుడల్లా మాంత్రికుడికి రెండు మంత్రాలు ఉచితంగా వస్తాయి. ఆ ఉచితాల్లో ఈ గడిలోవి తీసుకోకూడదు. కావాలంటే ఎవరి పుస్తకమైనా దొరకాలి, లేదా గురువు దగ్గరికే వెళ్లాలి. మామూలుగా ఎక్కడైనా దొరికిన మంత్రం రాసుకోవాలంటే లెవెల్‌కి 50 బంగారు నాణేలు, రెండు గంటలు. గురువు దగ్గరైతే నాణేలు అక్కర్లేదు, గురుదక్షిణగా ఒక పని చేసిపెడితే చాలు.

దొంగచాటు మంత్రం ప్లేయర్ ఇష్టం, మొదటి లెవెల్‌లో ఏదైనా సరే. ఎక్కడ చూసి రాసుకున్నాడో ఒక్క వాక్యం చెప్పాలి. తోటి శిష్యుడి మంత్రమూ ప్లేయర్ ఇష్టమే, కాకపోతే ఆ శిష్యుడికి బదులుగా ఏమిచ్చాడో చెప్పాలి. ఈ రెండూ ప్లేయర్ చేతిలో ఉండటం వల్లే ఆట నిలబడుతుంది. లేకపోతే రేవు శిష్యుడు యుద్ధంలో పొగమంచు సృష్టించి, పాత కుండ ధర చెప్పి కూర్చుంటాడు.

మూడు క్యాంట్రిప్స్‌లో ఒకటి ఇంటిపనికి పోవాలి: ప్రెస్టిడిజిటేషన్, మెండింగ్, లైట్, మేజ్ హ్యాండ్, వీటిలో ఏదో ఒకటి. శిష్యుడు రాత్రి గిన్నెలు తోమాడు కదా. క్లాసు (ఫైటర్, మాంత్రికుడు లాంటి పాత్ర రకం) ఇచ్చే రెండు స్కిల్స్‌లో ఒకటి గురువు పనిలోంచి రావాలి. ఇంతకు మించి బిగిస్తే ప్లేయర్లకి విసుగొస్తుంది.

మొత్తం లెక్క చూశాను. క్యాంట్రిప్స్ మూడే, మంత్రాలు ఆరే, స్కిల్స్ రెండే. అదనంగా ఏమీ ఇవ్వలేదు.

జూలై రెండో వారం: ఒప్పంద పత్రం

ఇది పనికి అవసరమా అంటే కాదు. నా సరదా.

ఇంగ్లండులో చేతిపనివాళ్ల శిష్యరికం ఒప్పందాల సంగతి చదివాను. 1563 నాటి చట్టం కనీసం ఏడేళ్లు అని పెట్టింది, ఆ నిబంధనల్ని 1814లో గానీ ఎత్తివెయ్యలేదు. మూడో ఎడిషన్ సగటు కూడా సరిగ్గా ఏడే రావడం కాకతాళీయమే అనుకుంటాను. గురువు తిండి, బట్ట, నీడ ఇచ్చి పని నేర్పాలి. శిష్యుడు యజమాని రహస్యాలు బయటపెట్టకూడదు, పెళ్లి చేసుకోకూడదు, సారా కొట్లకి పోకూడదు, పేకాట ఆడకూడదు, పాచికలాడకూడదు. పాచికలు! ఈ షరతు మాంత్రికుడి పత్రంలో ఉండి తీరాలి.

ఒకే తోలు కాగితం మీద ఒప్పందాన్ని రెండుసార్లు రాసి, మధ్యలో రంపపు పళ్లలా కోసి చెరో ముక్క ఇచ్చేవాళ్లట. తర్వాత ఎవరైనా దొంగ పత్రం తెస్తే పళ్లు కలవవు. దీన్ని వదలబుద్ధి కాలేదు.

డ్రాయింగ్ షీటు తెచ్చి, పళ్లెంలో టీ డికాషన్ పోసి ముంచాను. జెల్ పెన్నుతో రాసి ముంచితే అక్షరాలు కరిగి నీలం చారలు మిగులుతాయి. ముందు ముంచి, నీడలో ఆరబెట్టి, పాత చీర ముక్క పైన వేసి ఇస్త్రీ చేసి, అప్పుడు బాల్ పెన్నుతో రాస్తే శుభ్రంగా వస్తుంది. డికాషన్ చిక్కగా ఉండాలి, పాలు కలిపిన టీ అయితే ఆరాక వాసన. కత్తెరతో వంకర టింకరగా కోశాను. ఒక ముక్క ప్లేయర్‌కి, ఒకటి నా ఫైల్లో.

పత్రంలో షరతులు నాలుగే. రెండు అందరికీ ఒకటే: రహస్యం బయటపెట్టకూడదు, గురువుగారి పుస్తకం అడక్కుండా తెరవకూడదు. మూడోది డీఎం రాస్తాడు, నాలుగోది ప్లేయర్. దొంగచాటు మంత్రం ఒకటి రూల్స్‌లోనే ఉంది కాబట్టి రెండో షరతు అందరూ తప్పే ఉంటారు. సంతకం పెట్టిన కాగితం మీదే ఆ తప్పు కనబడుతుంటే ప్లేయర్లకి ఆ ముక్క దాచుకోవాలనిపిస్తుంది. దీనికోసం నేను ఏ రూలూ రాయలేదు.

జూలై చివర: మొదటి అసలు పరీక్ష

మా గుంపులో ఇద్దరు బావాబావమరుదులు ఉన్నారు. బావగారు ఫైటర్. బావమరిది మాంత్రికుడు, రేవు మంత్రగత్తె శిష్యుడు. పాత్ర తయారీ టీ తాగేలోపే అయిపోయింది, ఆ షరతు నెగ్గింది.

అతను గురువు దగ్గర తీసుకున్నవి ఐడెంటిఫై, ఫ్లోటింగ్ డిస్క్, ఫాగ్ క్లౌడ్, కాంప్రిహెండ్ లాంగ్వేజెస్. దొంగచాటుది స్లీప్; రేవులో తాగి పడున్న ఓ మాంత్రికుడి సంచిలోంచి చూసి రాసుకున్నాడట. తోటి శిష్యురాలి దగ్గర మేజ్ ఆర్మర్, దానికి బదులుగా ఆమె ప్రేమలేఖలు నెల రోజులు మోశాడు. ఆ తోటి శిష్యురాలు ఇప్పటికే ఆటలో రెండుసార్లు కనబడింది. నేను పిలవలేదు, అతనే అడిగాడు.

మొదటి పోరు, రోడ్డు మీద గాబ్లిన్లు. స్లీప్ వేశాడు, ఐదు ఎనిమిది ముఖాల పాచికలు బాగా పడి మూడు గాబ్లిన్లు గుర్రుపెట్టాయి. మిగతావి బావగారి ఫైటర్‌ని నేల మీదికి తెచ్చాయి. ప్రాణం పోకుండా ఒకరు ఆపారు గానీ అతనికి స్పృహ లేదు, మీద చెయిన్ మెయిల్ (ఇనుప కవచం). మోసే బలం ఎవరికీ లేదు. మాంత్రికుడి దగ్గర ఇంకొక్క స్లాటు, అంటే ఆ రోజుకి ఇంకొక్క మంత్రమే వేయగలడు. మేజిక్ మిసైల్ ఉన్నవాడైతే అదే వేసేవాడు. ఇతని దగ్గర లేదు కాబట్టి ఫ్లోటింగ్ డిస్క్ వేశాడు: మూడు అడుగుల వెడల్పు, 500 పౌండ్ల దాకా మోస్తుంది, మనిషి వెంట 20 అడుగుల దూరంలో తేలుతూ వస్తుంది. బావగారిని బియ్యం బస్తాలా దాని మీద వేసుకుని వంతెన దాకా పరుగు. డిస్క్ ఇంత పనికొస్తుందని ఇన్నేళ్లలో మా టేబుల్ మీద ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఎవరి పుస్తకంలోనూ అది లేదు.

అసలు ఫలితం రెండు సెషన్ల తర్వాత వచ్చింది. కొండ అంచున దొంగ పాత్ర జారింది. అందరూ మాంత్రికుడి వైపు తిరిగారు. అతను షీట్ తిప్పి ఆ గడి చూశాడు: ఫెదర్ ఫాల్, గురువు దగ్గర ఉండిపోయింది. దొంగ బతికాడు గానీ కాలు విరిగింది. ఆ రాత్రే, ఆటలో, అందరూ కూడబలుక్కుని రేవుకి బయల్దేరారు. నేను వేరే దారికి నేలమాళిగ మ్యాపు గీసుకుని కూర్చున్నాను, అది ఇప్పుడు ఫైల్లో పడుంది.

మా ప్లేయర్ల పాత భయానికి దీంతో సమాధానం దొరికిందనుకుంటున్నాను. గురువు వాళ్ల వెంట పడటం లేదు, వాళ్లే గురువు దగ్గరికి వెళ్తున్నారు. అందుకే రూల్స్ కాగితం వెనక ఒక వాక్యం చేర్చాను: శిష్యుడు గడప తొక్కేదాకా గురువు పని చెప్పకూడదు. ఇది డీఎంకి పెట్టిన రూలు. నన్ను నేను నమ్మను కాబట్టి అచ్చులో ఉండటమే మంచిది.

ఆగస్టు మొదటి వారం: శిష్యరికం ఎలా ముగిసింది?

నాలుగు ముగింపులు. గడువు తీరింది, పారిపోయాడు, గెంటేశారు, గురువు పోయాడు. చివరిదాన్ని నిషేధించాలనుకున్నాను కానీ పాపం, అది కూడా కథే.

గడువు తీరితే పైన రాసిన లెక్కే. పారిపోయినవాడికి గురువు మంత్రాలు మూడే, దొంగచాటువి రెండు. స్పెల్‌బుక్ గురువుగారిది, దాని మీద గురువు ముద్ర ఉంటుంది, చూసి గుర్తుపట్టేవాళ్లు గుర్తుపడతారు. గెంటేస్తే లెక్క మారదు గానీ ఆ ఇంటి గడప మూసుకుపోయింది, ఉండిపోయిన మంత్రాలు తోటి శిష్యుల ద్వారానే రావాలి. గురువు పోతే ఆయన పుస్తకం ఎవరికి చేరిందో ప్లేయర్ చెప్పాలి. తనకే చేరిందంటే కుదరదు. ఎవరో ఒకరి దగ్గర ఉంది, అతను బతికే ఉన్నాడు. అలా చచ్చిన గురువు వెనక కూడా బతికున్న మనిషి ఒకరు మిగులుతారు.

ఆగస్టు రెండో వారం: ఎల్ఫ్ గొడవ

పిన్ని కూతురు ఎల్ఫ్ మాంత్రికురాలిని తెచ్చింది. ఐదో ఎడిషన్‌లో వయసు పాచిక లేదు, ఎల్ఫ్‌లు దాదాపు నూరేళ్లకి పెద్దవాళ్లయినట్టు లెక్క. మూడో ఎడిషన్‌లో చూసిన ఆ 35 ఏళ్లు నా బుర్రలో తిరుగుతూనే ఉన్నాయి. మనిషి ఏడేళ్లలో నేర్చేది ఆమెకి ఎందుకంతకాలం?

మొద్దురాచిప్ప అనడానికి వీల్లేదు, ఇంటెలిజెన్స్ 17. ఆమే దారి చూపించింది. "మా గురువు ఒక మంత్రం చెప్పి, అడవిలోకి వెళ్లి, ఎనిమిదేళ్లకి తిరిగొచ్చి, ఎక్కడిదాకా వచ్చాం అని అడుగుతాడు" అంది. దీనికి రూలేమీ అక్కర్లేదు, ఉన్నదున్నట్టు రాసుకున్నాను. ఒక్కటి మాత్రం కలిపాను: దీర్ఘాయుష్షు పాత్రలకి తోటి శిష్యుడు మనిషి అయితే అతను ఇప్పుడు ముసలివాడు, లేదా వేరే ఊళ్లో పెద్ద మాంత్రికుడు. అప్పట్లో తను గురువు కోసం కట్టెలు కొడుతుంటే పక్కన గొడ్డలి పట్టుకున్న కుర్రాడు ఇవాళ రాజుగారి కొలువులో ఉన్నాడని తెలిసి ఆమె మొహం చూడాలి.

ఆగస్టు మూడో వారం: బావగారు శిష్యుడయ్యాడు

డిస్క్ మీద పడుకుని ప్రయాణించినప్పటి నుంచి బావగారికి మంత్రవిద్య మీద మనసు పడింది. నాలుగో లెవెల్‌లో మల్టీక్లాస్ చేసి, అంటే రెండో క్లాసు కూడా పట్టి, మాంత్రికుడి మొదటి లెవెల్ తీసుకుంటానన్నాడు. ఇంటెలిజెన్స్ 13 ఉండాలి, ఉంది. రూల్స్ ప్రకారం రాత్రి ఫైటర్‌గా పడుకుని పొద్దున్న ఆరు మంత్రాల పుస్తకంతో లేవచ్చు. అదే ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ఒక కొత్త భాషో పనిముట్టో నేర్చుకోవడానికి 250 రోజులు, రోజుకో బంగారు నాణెం అడుగుతుంది. వేణువు ఊదడానికి 250 రోజులు, మంత్రవిద్యకి ఒక్క నిద్ర!

మూడో ఎడిషన్ డంజన్ మాస్టర్స్ గైడ్‌లో మొదటి లెవెల్‌లోనే రెండు క్లాసులు సగం సగం నేర్చుకుంటూ మొదలుపెట్టే రూలు ఉండేది. ఆట మధ్యలో చేరేవాడికి అది పనికిరాదు. రోజులు లెక్కపెడితే క్యాంపెయిన్ ఆగిపోతుంది. అందుకే రోజులు వదిలి మనిషిని పట్టుకున్నాను: మధ్యలో చేరేవాడికి ఒక గురువు కావాలి, ఆ గురువు ఆటలో ఉన్న మాంత్రికుడే కావచ్చు, ఆరు మంత్రాలూ ఆయన పుస్తకంలోంచే రావాలి. రాసుకునే ఖర్చు లేదు.

మా మాంత్రికుడు అప్పటికి మూడో లెవెల్‌లో ఉన్నాడు. ఆ లెవెల్‌కి పుస్తకంలో ఆరు, తర్వాత రెండు, మళ్లీ రెండు, మొత్తం పది. చివరి రెండూ రెండో లెవెల్ మంత్రాలు (మంత్రం లెవెల్ వేరు, పాత్ర లెవెల్ వేరు), కొత్త శిష్యుడికి అందవు. అంటే ఇవ్వగలిగినవి ఎనిమిది. నాలుగు గురువు ఇష్టం. ఒకటి దొంగచాటుగా, పుస్తకం బావమరిదిదే. ఒకటి తోటి శిష్యుడి దారిలో రావాలి గానీ తోటి శిష్యుడు లేడు, కాబట్టి బేరమాడి తీసుకోవాలి.

ఆ సెషన్‌లో నేను దాదాపు మాట్లాడలేదు.

"ఒరేయ్, నాకు ఆ స్లీప్ నేర్పరా."

"బావా, ముందు గుర్రాలకి నీళ్లు పెట్టు."

"నీళ్లు పెట్టానురా."

"దాణా?"

ఇంట్లో బావగారి మాటకి ఎదురు చెప్పని కుర్రాడు ఆ సాయంత్రమంతా అతనితో గిన్నెలు తోమించాడు, క్యాంప్‌ఫైర్ దగ్గర రెండుసార్లు. స్లీప్ మాత్రం ఇవ్వలేదు. అది గురువు దగ్గర ఉండిపోయిన గడిలోకి వెళ్లింది. బావగారు ఒప్పంద పత్రంలో తన షరతుగా రాసుకున్నది: "ఈ సంగతి మా ఆవిడకి చెప్పకూడదు." ఆవిడ అప్పుడు పక్క గదిలోనే ఉంది, నవ్వు వినబడింది.

ఒకే పార్టీలో గురువూ శిష్యుడూ ఉంటే రెండు చిక్కులున్నాయి. గురువు పాత్ర చనిపోతే? ఇద్దరి దగ్గరా ఒకే మంత్రాలుంటే ఆటలో వైవిధ్యం పోదా? రెండో దానికి ఉచిత మంత్రాల రూలే సరిపోతుంది, లెవెల్ పెరిగేకొద్దీ వాళ్ల పుస్తకాలు విడిపోతాయి. మొదటిది జరిగినప్పుడు చూస్తాను.

ఆగస్టు చివర: ఎక్కడున్నాం

రూల్స్ ఇప్పుడు ఒక కాగితానికి రెండు వైపులా వచ్చాయి. ముందు వైపు గురువు పని, నాలుగు జతలు, రెండు ఖాళీ గీతలు, ఉండిపోయినవాటి గడి. వెనక ముగింపులు, డీఎంకి పెట్టిన ఆ ఒక్క రూలు. వేరే టేబుల్ నడిపే స్నేహితుడొకడు అడిగితే ఇచ్చాను, ఒప్పంద పత్రం మాత్రం తనకి అక్కర్లేదన్నాడు. సరే, అది లేకపోయినా నడుస్తుంది.

మంత్రాలు వేసే మరో రెండు క్లాసులు సార్సరర్లకీ వార్లాక్‌లకీ కూడా ఇలాంటిది రాయమని ఒకరు అడిగారు. సార్సరర్‌కి మంత్రం రక్తంలో వస్తుంది, అతనికి గురువు అక్కర్లేదు. వార్లాక్‌కి తన మంత్రాలిచ్చే మహాశక్తితో ఒప్పందం రూల్స్‌లోనే ఉంది. రెండూ నా పని కాదు.

కొలువు గురువు జాబితా పూర్తయింది: కాంప్రిహెండ్ లాంగ్వేజెస్‌తో ఇల్యూజరీ స్క్రిప్ట్, అలారంతో డిటెక్ట్ మేజిక్, చార్మ్ పర్సన్‌తో డిస్‌గైజ్ సెల్ఫ్, ఐడెంటిఫైతో ప్రొటెక్షన్ ఫ్రమ్ ఈవిల్ అండ్ గుడ్. ఒంటరి పరిశోధకుడి దగ్గర మూడు జతలు తేలాయి, ఫైండ్ ఫెమిలియర్‌కి (తోడుగా ఉండే చిన్న జంతువు రూపాన్ని పిలిచే మంత్రం) దీటైన జోడీ దొరకడం కష్టంగా ఉంది. దాని పక్కన ఏది పెట్టినా ప్లేయర్లు ఫెమిలియర్‌నే పట్టుకుంటారు. అన్‌సీన్ సర్వెంట్ పెట్టి చూస్తున్నాను, ఇంటి చాకిరీ చేసే పనివాడిని ఏ శిష్యుడు వద్దంటాడు? సైన్యం గురువు దగ్గర థండర్‌వేవ్ పక్కన బర్నింగ్ హ్యాండ్స్ పెడితే ఎవరూ థండర్‌వేవ్ తీసుకోరని బావమరిది వాదన. నాకు నమ్మకం లేదు. వచ్చే ఆదివారం ఇద్దరు కొత్త ప్లేయర్లు వస్తున్నారు, ఇద్దరికీ సైన్యం గురువునే ఇచ్చి చూస్తాను.